ప్రాచీన హెబ్రీ బైబిలు వ్రాతప్రతుల శకలములు: గ్రంథనిర్ణయము

శిథిలమైన వ్రాతప్రతినుండి రాలిన తునుక యొకటి చేతికి వచ్చినపుడు, అది యే గ్రంథములోనిది, ఆ గ్రంథమునందే స్థానమునకు జెందినది, ఏ కాలమున వ్రాయఁబడినది అను మూఁడు ప్రశ్నములు పుట్టును. మొదటి పత్రమును తుది గద్యయు నిలిచియున్న ప్రతికి ఈ చిక్కు లేదు. కృతిపేరును, లేఖకుని పేరును, సంవత్సరమును తఱచుగా నందే యుండును. మొదలును తుదియు లేని తునుకకుఁ దానే సాక్ష్యము. పాలస్తీనా, ఈజిప్టు దేశములలో దొరకిన హెబ్రీ బైబిలు శకలములను గుర్తించుటకై గడచిన నూటముప్పది సంవత్సరములలోఁ బండితులు చేసిన కృషి యీ విషయమున మిక్కిలి బోధకమైనది. అందు విజయములును గలవు, ప్రమాదములును గలవు. అఱచేతిలో నిముడు తోలుముక్కను బట్టి యొక గ్రంథముయొక్క చిరకాలపాఠమునే తిరిగి పరిశీలింపవలసివచ్చిన సందర్భములును లేకపోలేదు.

హెబ్రీ లిపిలో నక్షరములు 22. అవి యన్నియు హల్లులే. వ్రాత కుడినుండి యెడమకు సాగును. అచ్చులను దెలుపు చుక్కలును గీతలును క్రీ. శ. 7వ శతాబ్ది మొదలు 10వ శతాబ్ది వఱకు మసోరా పండితు లేర్పఱచినవి గాన ప్రాచీన శకలములలో నవి కానరావు. శబ్దములు పెక్కులు త్రివర్ణధాతువులనుండి పుట్టినవి. సముచ్చయార్థకమైన వకారమును, నిర్దేశార్థకమైన హకారమును పదమునకు ముందు చేరును. కాఁబట్టి మూఁడు నాలుగక్షరములు మాత్రమే మిగిలినచోట పదమును నిశ్చయించుట కష్టము. ఒకే హల్లుల కూర్పు క్రియయుఁ గావచ్చును, నామమును గావచ్చును. అయినను గుర్తించువారి కొక గొప్ప సౌకర్యము కలదు. శౌనకుని అనువాకానుక్రమణి ఋక్కులను, పదములను, అక్షరములను లెక్కించినట్లే, మసోరా పండితులును తమ గ్రంథములందలి పదములను, అపూర్వప్రయోగములను లెక్కించి యంచులలో వ్రాసియుంచిరి. 1896లో మాండెల్‌కెర్న్ అను పండితుఁడు హెబ్రీ బైబిలునకు సమగ్రమైన పదానుక్రమణిని లైప్‌సిగ్ నగరమునఁ బ్రకటించెను. బ్లూమ్‌ఫీల్డు 1906లోఁ బ్రకటించిన వేదమంత్రపాదసూచి వైదికవాఙ్మయపరిశోధకున కెట్టిదో, హెబ్రీ శకలపరిశోధకున కీ యనుక్రమణి యట్టిది.

పదములు సరిపోయినంతమాత్రమున నిర్ణయము ముగియదు. అసలు పరీక్ష పంక్తిప్రమాణమున నున్నది. ఒక తునుకమీఁద మొదటి పంక్తిలో రెండు పదములును, దాని క్రిందిపంక్తిలో సరిగా వానియడుగున నొక పదమును మిగిలినవనుకొందము. ఊహించిన గ్రంథభాగమున మొదటి పదములకును క్రింది పదమునకును నడుమ నెన్ని యక్షరములున్నవో లెక్కింపవలెను. అవి నలువది యయినచో ఆ ప్రతియందు పంక్తికి సుమారు నలువది యక్షరములని తేలును. తరువాతి పంక్తులకును ఇదే లెక్క నిలువవలెను. మూఁడు పంక్తులలో నిలిచినచో నిర్ణయము బలపడును. ఒక పంక్తిలో నలువదియు, వేఱొకదానిలో డెబ్బదియు వచ్చినచో రెండు పక్షములే మిగులును: ఊహ తప్పు కావలెను, లేదా ఆ ప్రతిలోని పాఠము వాడుకలోనున్న పాఠముకంటె భిన్నము కావలెను. ఈ రెండింటిలో నేది నిజమో తేల్చుటయందే పండితుని వివేకము వెల్లడియగును. తొందరపాటుగలవారికి రెండవపక్ష మెప్పుడును ప్రియముగానే యుండును.

మూలము లభింపని గ్రంథమునకు ఈ పరీక్ష మఱింత కఠినము. బెన్ సీరా అను యెరూషలేము ఉపాధ్యాయుఁడు క్రీ. పూ. 180 ప్రాంతమున హెబ్రీ భాషలో నొక నీతిగ్రంథమును రచించెను. అతని మనుమఁడు క్రీ. పూ. 132 తరువాత ఈజిప్టులో దానిని గ్రీకుభాషలోనికి మార్చెను. యూదులు దీనిని తమ పవిత్రగ్రంథములలోఁ జేర్పలేదు. గ్రీకు బైబిలునందును, లాటిను బైబిలునందును నిది చేరినది. మూలప్రతిని దాను చూచితినని 4వ శతాబ్దివాఁడైన జెరోము వ్రాసెను. పదవ శతాబ్దిలో సాదియా అను యూదపండితుఁ డందలి వాక్యముల నుదాహరించెను. తరువాత మూలము మఱుఁగుపడి గ్రీకు, సిరియా, లాటిను భాషాంతరములే మిగిలెను. సంస్కృతమూలము నశించి టిబెట్టు, చీనా భాషలలో మాత్రమే నిలిచిన బౌద్ధశాస్త్రగ్రంథములను దలఁచుకొన్నచో ఈ స్థితి యెట్టిదో తెలియఁగలదు.

ఈ మూలము భాషాస్వరూపమునుగూర్చి యింగ్లండులో నొక వాదము నడచుచుండెను. ఆక్సుఫర్డున అరబ్బీ ఆచార్యుఁడైన మార్గోలియత్ 1890లో, బెన్ సీరా నాఁటికే హెబ్రీ భాష ఉత్తరకాలపు రబ్బీల భాషవలె మాఱిపోయెననియు, కాఁబట్టి శుద్ధమైన హెబ్రీలోనున్న బైబిలుగ్రంథములు విమర్శకు లనుకొనుదానికంటెఁ బ్రాచీనములు కావలెననియు ప్రతిపాదించెను. ఈ వాదమునకు గ్రీకు సిరియా పాఠములనుండి యతఁడు స్వయముగాఁ గల్పించుకొన్న హెబ్రీ పాఠమే యాధారము. కేంబ్రిడ్జిలో రబ్బీవాఙ్మయమును బోధించుచుండిన సాలమన్ షెఖ్టర్ దీని నంగీకరింపలేదు. రబ్బీల గ్రంథములలోఁ జెదరియున్న బెన్ సీరా వాక్యములను అతఁడు 1891లోనే యేర్చికూర్చి ప్రకటించియుండెను. ఈ పూర్వపరిశ్రమయే తరువాతి గుర్తింపునకు మూలమైనది.

1896వ సంవత్సరము వసంతమున ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అను విదుషీమణులు, కవలసోదరీమణులు, ప్రాగ్దేశయాత్రలోఁ గొన్న హెబ్రీ పత్రములను కేంబ్రిడ్జికిఁ దెచ్చిరి. మే 13వ తేదీన షెఖ్టర్ వారియింట వానిని జూచెను. అందు నలిగిపోయిన కాగితపు పత్రమొకటి యతని దృష్టి నాకర్షించెను. దానిని జతపఱచి చూచుటకు హెబ్రీ మూలము లేదు గదా! గ్రీకు, సిరియా భాషాంతరములను ముందుంచుకొని, వాని క్రమముతో హెబ్రీ వాక్యములను సరిచూడవలసివచ్చెను. ఆ పత్రము బెన్ సీరా గ్రంథమున 39వ అధ్యాయము 15వ వాక్యము మొదలు 40వ అధ్యాయము 8వ వాక్యము వఱకుఁ గల భాగమని యతఁ డనతికాలములోనే నిశ్చయించెను. కొలదికాలములోనే ఆక్సుఫర్డునందు నాయ్‌బవర్, కౌలీ అను పండితులు తమ గ్రంథాలయమునకు వచ్చిన తునుకలలో ఆ ప్రతికే చెందిన తొమ్మిది పత్రములను గుర్తించిరి. అవి కేంబ్రిడ్జి పత్రము విడిచిన 40వ అధ్యాయము 9వ వాక్యమునుండియే మొదలగుట గమనింపఁదగినది. పంక్తులు రెండు పట్టెలుగాఁ దీర్చుటయు, అంచులలోఁ బాఠాంతరములు వ్రాయుటయు రెండుచోట్ల నొక్కటియే.

ఆ సంవత్సరము డిసెంబరులో షెఖ్టర్ కైరోకుఁ బోయెను. పాతకైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనామందిరమున ‘గెనీజా’ యను కొట్టు కలదు. దేవుని పేరు వ్రాసిన కాగితమును బాఱవేయరాదను ఆచారమువలన యూదులు శిథిలగ్రంథములను శతాబ్దులుగా నందుఁ బడవేయుచుండిరి. అక్కడి పెద్దల యనుమతితో షెఖ్టర్ తెచ్చిన శకలములు సుమారు 193,000. ఆ దుమ్ములో నెలలతరబడి పనిచేయుటచేత నతని యారోగ్యము చెడెను. 1899లో చార్లెస్ టెయిలర్‌తోఁ గూడి అతఁడు బెన్ సీరా హెబ్రీ భాగములను బ్రకటించెను. నేఁటికి ఆఱు మధ్యయుగప్రతులనుండి శకలములు దొరకినవి. మూలములో సుమారు మూఁడింట రెండుపాళ్లు లభించినది.

వాదము మాత్ర మంతటితో నాఱలేదు. మార్గోలియత్ 1899లోనే యెదురుదాడి సాగించెను. దొరకినది మూలము కాదనియు, పారసీక భాషాంతరమునుండి 11వ శతాబ్ది ప్రాంతమున నెవరో తిరిగి హెబ్రీలోనికి మార్చినదనియు నతని సిద్ధాంతము. ప్రతి యంచున లేఖకుఁడు పారసీకభాషలో వ్రాసిన టిప్పణము లుండుట యతనికి ఊఁతయయ్యెను. దీనిని హాస్యాస్పదమని త్రోసివేయుట న్యాయము కాదు. మధ్యయుగపు కాగితముమీఁది వ్రాత వేయేండ్లకుఁ బైఁబడిననాఁటి మూలమును యథాతథముగా నిలుపుకొన్నదనుటకు ప్రతియొక్కటియే చాలదు. కొన్ని వాక్యములు సిరియాభాషాంతరమునుండి తిరిగి వచ్చినవేమో యని తరువాతివారును శంకించిరి. షెఖ్టర్ 1915లోను, మార్గోలియత్ 1940లోను గతించిరి. 1964లో యిగాయెల్ యాదిన్ మసాదా దుర్గమును త్రవ్వించుచుండఁగా, ప్రాకారపు గదిలో బెన్ సీరా గ్రంథపు తోలుచుట్టలోని శకలములు బయటపడెను. ఆ దుర్గము రోమకులచేఁ బట్టువడినది క్రీ. శ. 73 ప్రాంతమున, లిపినిబట్టి చుట్ట క్రీ. పూ. 1వ శతాబ్దిది. అందలి పాఠము కైరో ప్రతి పాఠముతోఁ జాలవఱకు సరిపోయెను. పలుతావుల ఆ ప్రతి యంచులలోని పాఠాంతరములతోడను సరిపోయెను. మధ్యయుగలేఖకుఁ డంచున వ్రాసినది తన కల్పనము కాదనియు, అతని యెదుట వేఱొక ప్రాచీనప్రతి యుండెననియు దీనివలన స్థిరపడినది.

మృతసముద్రతీరమున కుమ్రాన్ గుహలలో 1947 ప్రాంతమున మొదలైన లాభము ఈ విద్యను వేఱొక దశకుఁ గొనిపోయెను. మొదటి గుహలోనివి పూర్తిచుట్టలు, చదువుటయే పని. 1952లో బెదూయిను లెఱిఁగించిన నాల్గవ గుహలో నున్నవి సుమారు 15,000 తునుకలు, అయిదువందలకుఁ బైఁబడిన ప్రతులవి, కలగాపులగముగా. యెరూషలేములోని పాలస్తీనా పురావస్తుశాల వానిని బెదూయినులయొద్దనుండి చదరపు సెంటీమీటరునకు ఒక జోర్డాను దీనారు చొప్పునఁ గొనెను. కొనుటకు సొమ్ము చాలక మెక్‌గిల్, మాంచెస్టరు విశ్వవిద్యాలయముల వంటి విదేశసంస్థల సహాయమును గోరవలసివచ్చెను.

పొడవైన గదిలో బల్లలు వేసి, గాజుపలకలక్రింద తునుకలను బఱచి, కొందఱు పండితులు సంవత్సరములతరబడి యా బల్లలచుట్టు తిరిగిరి. బైబిలుభాగములు ఫ్రాంక్ క్రాస్, పాట్రిక్ స్కేహన్ అను వారి పాలఁబడెను. ముడుఁతలు పడిన తోలును తేమతో మెత్తపఱచి, చదునుచేసి, కుంచెతో దుమ్ము తుడిచి, నజీబ్ అల్బినా పరారుణచ్ఛాయాచిత్రములు తీసెను. నల్లబడిన తోలుమీఁద కంటికిఁ గానరాని యక్షరము లా చిత్రములలోఁ దేలినవి. తోలు రంగు, దళసరితనము, గీఁచిన పంక్తిరేఖల యెడము, లేఖకుని చేవ్రాలువంపు, ఇవి చూచి మొదట నొకచేతి వ్రాతల నొకచోటఁ జేర్చిరి. పిదపనే పదములను వెదకిరి. అక్షరరూపముల పరిణామమును బట్టి క్రాస్ 1961లోఁ బ్రకటించిన కాలక్రమము తరువాత అంగారపరీక్షలచేతఁ జాలవఱకు బలపడినది. ఇంత జాగ్రత్తగల వారే తునుకలను జోడించుటకు జిగురుపట్టీ వాడిరి. ఆ జిగురు తోలులోనికిఁ దిగి యక్షరములను మసకబార్చెను. దానిని దొలఁగించుటకు తరువాతివారు దశాబ్దములు శ్రమపడవలసివచ్చెను.

పంక్తిప్రమాణమునుగూర్చి పైని జెప్పిన రెండవపక్షము నిజమైన సందర్భము ఈ తునుకలలోనే కలదు. క్రాస్ గుర్తించిన సమూయేలు గ్రంథపు ప్రతి యొకటి వాడుకలోనున్న హెబ్రీ పాఠముతోఁ గాక గ్రీకు భాషాంతరముతోఁ దఱచుగా నేకీభవించును. వాడుకపాఠమున గొల్యాతు ఎత్తు ఆఱుమూరల జేనెడు. ఈ ప్రతిలోను, గ్రీకులోను నాలుగుమూరల జేనెడే. ఇంతకంటె ముఖ్యమైనది మొదటి సమూయేలు 11వ అధ్యాయారంభము. అమ్మోనీయుల రాజగు నాహాషు యాబేష్గిలాదును ముట్టడించి, పౌరుల కుడికన్నులు పెఱికింతునని షరతు పెట్టినట్లు వాడుకపాఠము చెప్పును. ఈ రాజెవ్వఁడో, ఈ క్రూరమైన షరతెందులకో యందు లేదు. కుమ్రాన్ ప్రతిలో నంతకుముందు కొన్ని పంక్తులు గలవు: నాహాషు గాదీయులను రూబేనీయులను పీడించి యందఱి కుడికన్నులను బెఱికించెననియు, తప్పించుకొన్న 7,000 మంది యాబేష్గిలాదు చేరిరనియు వాని సారము. క్రీ. శ. 1వ శతాబ్ది చరిత్రకారుఁడైన జోసీఫసు తన యూదపురావృత్తమున ఆఱవ భాగములో నీ వృత్తాంతమునే చెప్పియున్నాఁడు. అతఁడు చూచిన ప్రతి యిట్టిదే యని తోఁచును. లేఖకుని దృష్టి యొక పంక్తినుండి వేఱొకదానికి జాఱుటచే ఈ భాగము లోపించెనని క్రాస్ మతము. ఇది తరువాతివారి పూరణమని రోఫే యను పండితుని మతము. 1989లో అమెరికాలోఁ బ్రకటింపఁబడిన యొక యాంగ్ల బైబిలు అనువాదము ఈ వాక్యములను మూలములోనే చేర్చినది. గుర్తింపు విద్వాంసుల బల్లమీఁదనుండి భక్తుల చేతిపుస్తకమునకుఁ జేరుట కిది తార్కాణము. పూరణవాదమును పూర్తిగాఁ ద్రోసివేయుటకు వీలులేదు. అయినను కథాసంగతిని జూడఁగా క్రాస్ మతమే సమంజసముగాఁ గనఁబడుచున్నది.

తోలే సాక్ష్యము చెప్పిన సందర్భము 2020లోఁ గలిగెను. ఇజ్రాయేలు శాస్త్రజ్ఞులు తునుకలనుండి రాలిన ధూళిలోని జన్యుద్రవ్యమును బరీక్షించిరి. చాల తునుకలు గొఱ్ఱెతోలువి. యిర్మీయా గ్రంథపు తునుకలలో రెండు మాత్రము ఆవుతోలువి. కాఁబట్టి అవి గొఱ్ఱెతోలుమీఁది యిర్మీయా ప్రతులలోనివి కావు. యూదయ యెడారిలో ఆవులను మేపుట దుర్ఘటము గాన ఆ ప్రతి వెలుపలినుండి వచ్చినదని వారి యభిప్రాయము. యిర్మీయా గ్రీకుపాఠము హెబ్రీ పాఠముకంటె చాలఁ గుఱుచ. కుమ్రానులో రెండు రకముల పాఠములును దొరకుటచేత, ఏ తునుక యే ప్రతిదో యనుట ఇచట కేవలము జాబితాపని కాదు.

ఇఁక ప్రమాదములమాట. ఏడవ గుహలోని గ్రీకు తునుక యొకదానిమీఁద స్పష్టమైన యక్షరములు సుమారు పది. పూర్తిగా నిలిచిన పదము ‘మఱియు’ అను నర్థముగల సముచ్చయపద మొక్కటే. 1972లో హోసే ఓకల్లఘన్ అను స్పానిషుపండితుఁ డిది మార్కు సువార్త 6వ అధ్యాయములోని దని ప్రకటించెను. అట్లగుటకు ఒక అక్షరమును వేఱొకటిగాఁ జదువవలెను, మూఁడు పదములు లోపించెనని యొప్పుకొనవలెను, అస్పష్టములైన గీఁతలను దనకుఁ గావలసినట్లు చదువవలెను. ఇన్ని యూహలమీఁద నిలిచిన సరిపోలిక సరిపోలిక కాదు. పండితులలోఁ బెక్కు రంగీకరింపలేదు. ఆ గుహలోని పొరుగుతునుకలు కొన్ని హనోకు గ్రంథపు గ్రీకు భాషాంతరములోనివని తరువాత కొందఱు చూపిరి. ‘మఱియు’ అను నిపాతము గల వాక్యము ఏ గ్రంథమున లేదు?

కపటశకలములు మఱొక వర్గము. 1883లో యెరూషలేము వర్తకుఁడు షపీరా ద్వితీయోపదేశకాండమునకుఁ బ్రాచీనపాఠమని తోలుపట్టీలను బ్రిటిష్ మ్యూజియమునకుఁ దెచ్చెను. గిన్స్‌బర్గ్, క్లెర్మాన్-గానో అను వారు కపటమని తీర్మానించిరి. మరుసటియేఁట షపీరా రోటర్‌డాములో నాత్మహత్య చేసికొనెను. ఆ పట్టీలు నేఁడు కానరావు. 2021లో డెర్షోవిట్స్ అను పండితుఁడు అవి నిజమైనవని వాదించెను గాని పలువు రంగీకరింపలేదు. వస్తువు కంటియెదుట లేనిదే ఏ పక్షమును దృఢపడదు. 2002 తరువాత విపణికి వచ్చిన తునుకల విషయము స్పష్టతరము. వాషింగ్టనులోని బైబిలు మ్యూజియము తనయొద్దఁగల పదునాఱు తునుకలును గపటములే యని 2020 మార్చిలోఁ బ్రకటించెను. తోలు ప్రాచీనమే; కాని సిరా తోలు పగుళ్లలోనికిఁ బాఱియుండెను, పేరుకొన్న మట్టిపైనను బడియుండెను. తోలు చినిగినపిదప వ్రాసినారని దానివలనఁ దేలినది.

ఇందుకు విపర్యయముగా, సందేహమునకుఁ దావీయని గుర్తింపు ఒకటి గలదు. 7వ లేక 8వ శతాబ్దిది యగు నిర్గమకాండపు చుట్టలోని పెద్దతునుక యొకటి 1972లో బేరూతులోఁ గొనఁబడి అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకుఁ జేరెను. దానికి ఆష్కర్-గిల్సన్ ప్రతి యని పేరు. 2007లో అది యెరూషలేములోని ఇజ్రాయేలు మ్యూజియమునఁ బ్రదర్శింపఁబడినపుడు మిషోర్, ఎంగెల్ అను పండితులు దాని లేఖకునిచేయి, లండన్‌ప్రతి యనఁబడు మఱొక తునుకలోని చేయి యొక్కటే యని కనిపెట్టిరి. లండన్‌ప్రతి నిర్గమకాండము 9వ అధ్యాయమున మొదలై 13వ అధ్యాయము 2వ వాక్యముతో ముగియును. ఆష్కర్-గిల్సన్ ప్రతి 13వ అధ్యాయము 19వ వాక్యముతో మొదలై, సముద్రగీతమును దాఁటి, 16వ అధ్యాయారంభము వఱకు సాగును. నడుమ లోపించినది పదునాఱు వాక్యములు మాత్రమే. 2010లో రెండును పక్కపక్కన ప్రదర్శింపఁబడెను.

చుట్టను విప్పక చదువుటయు నేఁడు సాధ్యమైనది. ఎన్‌గెదీ ప్రార్థనామందిరపు శిథిలములలో 1970లో దొరకిన చుట్ట బొగ్గయిపోయినది, ముట్టినచో రాలును. నలువదియైదేండ్లు అది యట్లే యుండెను. 2015లో బ్రెంట్ సీల్స్ అను శాస్త్రజ్ఞుఁడు సూక్ష్మకిరణచిత్రములలోని పొరలను గణనయంత్రముచే విడఁదీసి పఱచినపుడు లేవీయకాండపు మొదటి రెండధ్యాయములు కనఁబడెను. అందలి హల్లులు మసోరాపాఠముతో నక్షరాక్షరము సరిపోయెను. కుమ్రానులో నంత పాఠభేదముండఁగా, కొలదిశతాబ్దులలోనే యిచట నింత స్థిరత యుండుట విశేషము.

ఆ మసోరాపాఠమునకుఁ బరమప్రామాణికమైన అలెప్పోప్రతి కథ తునుకలతోనే ముగియును. 930 ప్రాంతమున టైబీరియలో బెన్ ఆషేరు స్వరచిహ్నములతో సిద్ధమైన ఆ పుస్తకము 1947 డిసెంబరు నాఁటి అలెప్పో అల్లరులలోఁ జెదరి, 1958లో యెరూషలేము చేరినది. అప్పటికి సుమారు 490 పత్రములలో 300కు లోపుగానే మిగిలెను. తరువాత దినవృత్తాంతముల గ్రంథములోని పత్ర మొకటి 1980వ దశాబ్దారంభమున న్యూయార్కునుండి వచ్చెను. నిర్గమకాండము 8వ అధ్యాయములోని చిన్నతునుక యొకటి, ఒక గృహస్థుఁడు రక్షగాఁ దన సంచిలో దశాబ్దములు దాఁచుకొన్నది, 2007లో వచ్చెను. మూఁడు పట్టెల వ్రాతయు, అంచునందలి టిప్పణములును, బెన్ ఆషేరు స్వరములును దెలిసియుండుటచే ఇట్టి తునుక యెన్నఁడు బయటపడినను గుర్తించుట కష్టము కాదు. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయమునకు ముందున్న పంచకాండభాగము, ఈ యొక్క తునుక దప్ప, నేఁటికిని గానరాలేదు.